సాక్ష్యంలో లేని మాత్ర

బుధవారం పొద్దున్న పదింటికి దీనమ్మ కుడికాలు మళ్లీ ఆడడం మొదలుపెట్టింది.

కడియం దగ్గర అచ్చిబాబు గారి నర్సరీలో, పచ్చ నెట్టు కింద, పదిమంది ఆడవాళ్లు పీటలేసుకుని గులాబీ అంట్లు కడుతున్నారు. అడవి గులాబీ కాండానికి చాకుతో చీలిక పెట్టి, మంచి రకం చిగురు కన్ను అందులో దూర్చి, పైన సన్నటి ప్లాస్టిక్ రిబ్బను చుట్టాలి. దీనమ్మ చేతులు ఎప్పటిలాగే చకచకా పోతున్నాయి. కాలు మాత్రం చేతులతో సంబంధం లేనట్టు నేలని కొడుతోంది.

"ఏంటే, కాలు డాన్సాడేస్తోంది?" అంది పక్కపీట అప్పాయమ్మ. "ఆదివారం మందిరంలో నీ సాక్ష్యమా, నీ పెళ్లా?"

"దోమలే బాబూ."

"మా కాళ్లకి లేని దోమలు నీ కాలికే వచ్చాయా? ఫోన్లో కనపడే మనిషివి కదా మరి, వాటిక్కూడా తెలిసిపోయినట్టుంది."

అందరూ నవ్వారు. దీనమ్మ కూడా నవ్వి, కాలు మీద అరచెయ్యి పెట్టి నొక్కింది. చెయ్యి తీయగానే కాలు మళ్లీ మొదలెట్టింది. ఆమె భయపడింది. మూడేళ్ల కిందట కూడా ముందు ఈ కాలే ఆడింది.

కాలు ఆడడానికి కారణం దోమలు కావు. అరగంట కిందట స్కూటీ మీద వచ్చిన అమ్మాయి. ఇరవై నాలుగేళ్లుంటాయి. రావులపాలెం నుంచి వచ్చానని, పేరు సత్యశ్రీ అని చెప్పింది. మొక్కల వరసల మధ్య నిలబడి, ఫోనునీ దీనమ్మ మొహాన్నీ మార్చి మార్చి చూసింది.

"ఈ వీడియోలో సాక్ష్యం చెప్పింది మీరేనా అండీ?"

"ఆయ్, నేనేనండి."

"మాత్రలు మానేశాక మీకు ఎన్ని రోజులకి తగ్గిందండీ?"

మూడేళ్లుగా ఎంతోమంది ఆమెని ఎన్నో అడిగారు. దెయ్యం ఎలా పోయిందని, దేవుడు కనపడ్డాడా అని, ఏ కీర్తన పాడారని. ఈ ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు. చేతిలో చాకు ఆగిపోయింది.

"మా అమ్మ మానేసి ఇరవై రెండు రోజులైందండి," అంది సత్యశ్రీ. "మీ వీడియో చూసి మానేసింది. మేం చర్చివాళ్లం కాదు, అయినా రోజూ మీ మాటలే వింటుంది. మొదట్లో బానే ఉంది. ఇప్పుడు నిద్ర లేదు. గుమ్మంలో కూర్చుని, వీధిలో వెళ్లేవాళ్లంతా నా గురించే చెప్పుకుంటున్నారంటోంది. డాక్టర్ గారి పేరెత్తితే కంచం విసిరికొడుతోంది. దీనమ్మ గారికి తగ్గలేదా, నాకూ తగ్గుద్ది అంటోందండి. అందుకే ఎన్ని రోజులో తెలిస్తే అన్ని రోజులూ ఎలాగో ఓర్చుకుందామని."

దీనమ్మ పీట పక్కన టిఫిన్ సంచి ఉంది. సంచిలో, క్యారేజీకి అడుగున, చిన్న ప్లాస్టిక్ డబ్బా. కొమ్మలు త్వరగా వేరు పట్టడానికి చివర అద్దే పొడి డబ్బా అది. అందులో పొడి అయిపోయి చాలా కాలమైంది. ఇప్పుడు ఉన్నవి మాత్రలు. ఆ పొద్దున్న కూడా ఇడ్లీ తిన్నాక, చెయ్యి కడుక్కునే నెపంతో పంపు దగ్గరికెళ్లి ఒకటి వేసుకుంది.

ఆ మాట చెప్పడానికి నోరు తెరిచింది. మూడేళ్లుగా అలవాటైన మాటే బయటికొచ్చింది.

"ప్రార్థన చేయించండమ్మా. ఆదివారం మా మందిరం వార్షికోత్సవం. తీసుకురండి."

సత్యశ్రీ మొహంలో భారం దిగిపోయింది. "తప్పకుండా తెస్తానండి. మీ నోటితో మీరు చెప్తే చాలండి అమ్మకి. ఇంకెవరు చెప్పినా వినదు." మర్యాదకి రెండు మందార మొక్కలు కొనుక్కుని స్కూటీ ముందు పెట్టుకుని వెళ్లిపోయింది. ఫోన్ నంబరు అడగాలని దీనమ్మకి తట్టేసరికి బండి మెయిన్ రోడ్డు ఎక్కేసింది.

దీనమ్మకి ముప్పై ఎనిమిదేళ్లప్పుడు గర్భసంచి తీసేశారు. వాళ్ల వీధిలో ఆ ఆపరేషను కాని ఆడది తక్కువ. నొప్పి అంటే స్కానింగు, స్కానింగు అంటే ఆపరేషను. కుట్లు ఎండి, పనిలోకి వచ్చిన రెండో నెలలో ఆమెకి కడుపులో బరువు తెలిసింది. నర్సరీలో నల్లకవర్లలో ఎర్రమట్టి నింపుతారు. అలాగే, ఖాళీ అయిన చోట ఎవరో మట్టి నింపేశారనిపించింది. కూర్చుంటే మట్టి కిందికి దిగుతోంది, పడుకుంటే ఎగదన్నుతోంది, నడిస్తేనే కాస్త నయం. అందుకని నడిచేది. ఇంటి నుంచి కాలవ గట్టుకి, గట్టు నుంచి నర్సరీకి, నర్సరీ నుంచి ఇంటికి. చనిపోయిన తల్లి గట్టవతల నుంచి పిలుస్తున్నట్టు వినపడేది. కూర బాణలిలో మాడిపోయేది. చివరికి ఒకరోజు పొట్ట మీద చాకు పెట్టుకుని, "కొంచెం కోసి మట్టి తీసేయండర్రా" అని వచ్చేపోయేవాళ్లని బతిమాలింది.

పచ్చిగాయంతో అమావాస్యనాడు గట్టు మీద నడిచిందని, గాలి సోకిందని వీధంతా తేల్చేసింది. అప్పాయమ్మ ఎవరినో తీసుకొచ్చి దిగదుడుపు తీయించింది, నిమ్మకాయలు కోయించింది, వేపమండలతో కొట్టించింది. వీపు మీద వాతలు తేలాయి. మట్టి కదల్లేదు. దీనమ్మ వాళ్లు తాతల నాటి నుంచి లూథరన్ క్రైస్తవులు. పెద్ద గుడి పాదిరి గారు వచ్చి, చిన్న ప్రార్థన చేసి, విశ్రాంతి తీసుకోమన్నారు. కూర్చోలేని మనిషికి విశ్రాంతి చెప్పినందుకు ఆమె మొగుడు యెహెజ్కేలు ఆయన్ని గుమ్మం దాకా కూడా సాగనంపలేదు.

అప్పుడొచ్చాడు పాస్టర్ జయపాల్. రేకుల షెడ్డులో అప్పటికి ముప్పై మందితో నడుస్తున్న మందిరం ఆయనది. నలభై రోజులు, రోజూ సాయంత్రం వచ్చాడు. ఆమె నడుస్తుంటే ఆయనా పక్కనే నడిచాడు, నడుస్తూనే ప్రార్థన చేశాడు. భార్య ప్రిస్కిల్లా, మరో ఇద్దరు ఆడవాళ్లు వంతులేసుకుని ఆమె పక్కన ఉన్నారు. తలకి నూనె రాశారు, అన్నం కలిపి పెట్టారు, పాడారు. వాళ్లలో ఎవరూ ఆమెని పిచ్చిది అనలేదు.

ఆ నలభైలో పన్నెండో రోజున, నర్సరీలో లోడింగు మేస్త్రీగా చేసే యెహెజ్కేలు లారీ పని మానుకుని ఆమెని రాజమండ్రి ఆసుపత్రిలో మనసు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. అక్కడున్న లేడీ డాక్టరు చిన్నపిల్లలా ఉంది. మట్టి లేదమ్మా అనలేదు. "ఎవరు నింపారనిపిస్తోంది?" అని అడిగింది.

దీనమ్మ ఆలోచించింది. "నేనేనేమోనండి. రోజుకి ఐదొందల కవర్లు నింపే చెయ్యి కదండీ."

డాక్టరు రాసుకోవడం ఆపి ఆమెకేసి చూసింది. తర్వాత చాలాసేపు మాట్లాడింది. ఆపరేషనుతో ఒంట్లో ఒక్కసారిగా వచ్చిన మార్పు, ఏం తీస్తున్నారో ముందు ఎవరూ చెప్పకపోవడం, అమ్మ పోయి ఏడాది కూడా కాకపోవడం, నిద్ర లేకపోవడం, అన్నీ ఒకదానిమీదొకటి పడ్డాయంది. మనసు తనకి తెలిసిన పని మాటల్లోనే ఆ బాధ చెప్పుకుంటోందంది. దీనమ్మకి సగం అర్థమైంది. పాస్టరు గారి సంగతి చెప్తే కోప్పడుతుందేమో అనుకుంది గానీ డాక్టరు తలూపింది. "రోజూ నలుగురు మీ పక్కన కూర్చుంటున్నారు. అది నేను చీటీ మీద రాసివ్వలేను. ప్రార్థన చేసుకోండి. మాత్ర మాత్రం మానకండి."

నలభయ్యో రోజుకి దీనమ్మ పీట మీద కూర్చుని అన్నం తింది.

సాక్ష్యం చెప్పమన్నారు. స్వస్థత పొందినవాళ్లు మందిరంలో నిలబడి అది చెప్పుకోవడం ఆనవాయితీ. జయపాల్ ముందురోజు చెప్పించి చూశాడు. "మూడు నిమిషాల్లో ముగించాలమ్మా. ఆసుపత్రి సంగతి వద్దు. వినేవాళ్లు దేవుడి పని ఎంత, డాక్టరు పని ఎంత అని వాటాలేసుకుంటారు." ఆయన అన్నది అంతే, ఆ సంగతి వదిలేయమని. మాత్రలు పడేశానని చెప్పమనలేదు. ఆ మాట దీనమ్మ సొంతం. డప్పు మోగుతోంది, కీబోర్డు వాయిస్తున్నారు, అందరూ చేతులెత్తారు, కళ్లలో నీళ్లు. ఆ ఊపులో నోటమ్మట వచ్చేసింది: "ఉన్న మాత్రలన్నీ పడేశానండి! నాకు ఆయనే మందు!"

షెడ్డు దద్దరిల్లింది. ఎదురుగా స్టాండు మీద ఫోన్ రికార్డు చేస్తోంది.

ఇంటికొచ్చాక ఆమెకి భయం పట్టుకుంది. దేవుడి ముందు నిలబడి చెప్పిన మాట అది. అబద్ధమై ఉండకూడదు. మాట వెనక్కి తీసుకునే వీల్లేదు కాబట్టి, మాటనే నిజం చేసేసింది. మాత్రల అట్టలన్నీ పట్టుకెళ్లి కాలవలో వదిలేసింది.

నెలన్నరకి మట్టి తిరిగొచ్చింది.

ఈసారి ఆసుపత్రికి తీసుకెళ్లింది ప్రిస్కిల్లా. వైద్యం మళ్లీ మొదలయ్యాక, తిరుగు ప్రయాణంలో షేర్ ఆటోలో చెవి దగ్గర చెప్పింది: "అయ్యగారికి తెలియనివ్వకు. ఆయన విశ్వాసం దెబ్బతింటుంది." అట్టలు కత్తిరించి పొడి డబ్బాలో దాచుకునే ఉపాయం కూడా ఆమెదే. ఆ డబ్బాని ఎవరూ ముట్టుకోరు కదా అంది. వీడియో ఊళ్లు తిరిగింది. షెడ్డు పక్కన ఇంకో షెడ్డు వేశారు. ఏటేటా వార్షికోత్సవానికి దీనమ్మ అదే సాక్ష్యం, అవే మాటలతో చెప్తూ వచ్చింది. చెప్పి, దిగి, చేతులు కడుక్కునే పంపు దగ్గర మాత్ర వేసుకునేది.

గురువారం పనయ్యాక ప్రిస్కిల్లా దగ్గరికెళ్లి సత్యశ్రీ సంగతంతా చెప్పింది.

"అమ్మగారూ, ఆవిడకేమైనా అయితే? ఆదివారం మైకులో నిజం చెప్పేయనా అండీ?"

ప్రిస్కిల్లా వార్షికోత్సవం పులిహోరకి చింతపండు పిక్కలు తీస్తోంది. చేతులాపలేదు. "ఆ పిల్లకి ఫోన్ చేసి మెల్లిగా చెప్పేయ్. సభలో ఎందుకు?"

"నంబరు లేదండి. ఉన్నా, వాళ్లమ్మ నా నోటితో వింటేనే వింటుందంట."

"అయితే వచ్చాక పక్కకి తీసుకెళ్లి చెప్దాం."

"మైకులో ఒకటి, పంపు దగ్గర ఒకటి చెప్తే ఏది నమ్ముద్దండీ?"

ప్రిస్కిల్లా చింతపండు గిన్నె పక్కకి నెట్టింది. "నువ్వు అది చెప్తే వాళ్లు దీనమ్మ మాట మార్చిందనరు. అయ్యగారు మోసం చేశాడంటారు. ఆయన నీ వెంట నలభై రోజులు నడిచాడు దీనా. చెప్పులరిగిపోయాయి."

అది నిజమే. దీనమ్మ లేచి బయటికొచ్చింది. ఇంటికి తిన్నగా పోకుండా గట్టు మీద రెండుసార్లు అటూ ఇటూ తిరిగింది. తిరుగుతున్నానని తెలియగానే పరుగులాంటి నడకతో ఇల్లు చేరింది.

శుక్రవారం రెండు వందల అంట్లలో నలభై తలకిందులుగా కట్టింది. కన్ను కిందికి పెట్టేసింది. అచ్చిబాబు గారు చూసి, "ఏంటమ్మా దీనమ్మా, ఈ గులాబీలు భూమిలోకి పూస్తాయా?" అన్నారు. శనివారం అన్నం దగ్గర యెహెజ్కేలు కంచం కింద పెట్టి ఆమె మోకాలికేసి చూశాడు.

"మాత్ర వేసుకుంటున్నావా?"

"వేసుకుంటున్నానయ్యా. ఇది అది కాదు."

"మరేంటి?"

చెప్పింది. అతను మజ్జిగ కలుపుకున్నాడు. లూథరన్ గుడి వదిలి ఆ రేకుల షెడ్డుకి అతను ఎప్పుడూ వెళ్లలేదు.

"నన్నడిగితే ఆ మైకు జోలికే పోవద్దంటాను. జ్వరమని పడుకో."

"పడుకుంటే ఆవిడ మాత్ర వేసుకుంటుందా?"

"వేసుకోదు," అన్నాడు యెహెజ్కేలు. మజ్జిగ తాగి లేచాడు. "రేపు నేనూ వస్తాను. వెనకాల నిలబడతాను."

ఆదివారం పదకొండింటికి షెడ్లు రెండూ నిండిపోయాయి. ఫ్యాన్లు తిరుగుతున్నా రేకుల వేడి తల మీద కూర్చుంది. దీనమ్మకి ముందు వరసలో కుర్చీ వేశారు. ఆమె వెనక్కి తిరిగి తిరిగి చూస్తోంది. ఆడవాళ్ల వైపు నాలుగో వరసలో సత్యశ్రీ కనపడింది. పక్కన యాభై ఏళ్ల మనిషి, గంజి పెట్టిన నేత చీర, నుదుట రూపాయంత బొట్టు, కళ్ల కింద నల్లటి గుంటలు. ఆవిడ చుట్టూ ఉన్న వాళ్లని అనుమానంగా చూస్తోంది. ఎవరు గుసగుసలాడినా అటు తిరుగుతోంది. దీనమ్మని చూడగానే మాత్రం తెలిసిన మనిషిని చూసినట్టు రెండు చేతులూ జోడించింది. అక్కడితో ఏం చెప్పాలో దీనమ్మకి తేలిపోయింది.

జయపాల్ మైకు అందించాడు. డప్పు మెల్లిగా మొదలైంది.

"అందరికీ వందనాలండి. మూడేళ్ల కిందట నా కడుపులో మట్టి ఉందనుకున్నానండి."

"స్తోత్రం!" అంది సభ.

"అయ్యగారు నలభై రోజులు నాతో నడిచారండి. అమ్మగారు నాకు అన్నం పెట్టారండి."

"స్తోత్రం!"

"అదే టైములో రాజమండ్రి ఆసుపత్రిలో మాత్రలిచ్చారండి."

"స్తోత్రం!"

"పడేశానని ఇక్కడే చెప్పాను కదండీ, అప్పటికి అది అబద్ధమండి. ఇంటికెళ్లి నిజంగానే పడేశాను. మళ్లీ మట్టొచ్చింది. అప్పట్నుంచి రోజూ వేసుకుంటున్నాను. ఈ పొద్దున్న కూడా టిఫిన్ తిన్నాక ఒకటి వేసుకునే వచ్చానండి."

"స్తోత్రం!" అన్నారు అలవాటుగా. సగం మంది మాట మధ్యలోనే ఆగిపోయారు. డప్పు కొట్టే అతను రెండు దెబ్బలు ఎక్కువ కొట్టి ఆపాడు. ఎవరో ఆడమనిషి పక్కామెతో "ఏమందీ, ఏమందీ" అంటోంది.

"ఎవరైనా నన్ను చూసి మానేసుంటే మళ్లీ వేసుకోండమ్మా. ఎన్ని రోజులకి తగ్గిందని అడిగితే నా దగ్గర రోజుల లెక్క లేదండి. అంతేనండి."

మైకు జయపాల్ చేతిలో పెట్టింది. ఆయన ఆమెకేసి చూసి కీర్తన ఎత్తుకున్నాడు. సభ కూడా ఎత్తుకుంది. ఫోన్ దగ్గరున్న మనిషి ఎప్పుడో రికార్డింగు ఆపేశాడు.

పులిహోర పొట్లాలు పంచుతున్నప్పుడు జయపాల్ షెడ్డు వెనక ఆమెని పట్టుకున్నాడు. కోపం కన్నా అలసట ఎక్కువగా ఉంది మొహంలో.

"నాతో ముందు ఎందుకు చెప్పలేదమ్మా? మూడేళ్లు!"

పొట్లాల బుట్ట పట్టుకున్న ప్రిస్కిల్లా ఆగింది.

"నేనే చెప్పొద్దన్నానండి," అంది.

జయపాల్ భార్యకేసి తిరిగాడు. బుట్టలోంచి ఒక పొట్లం తీసుకుని, విప్పకుండానే చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. దీనమ్మ వాళ్లిద్దర్నీ వదిలి పంపు దగ్గరికి వచ్చేసింది.

అక్కడ సత్యశ్రీ తల్లి శ్యామలాంబ ఎదురుగా నిలబడింది. చేతులు ఇప్పుడు జోడించి లేవు.

"అబద్ధం చెప్పావన్నమాట నాతో. ఫోన్లో నా కళ్లలోకి చూసి చెప్పావు."

"ఆయ్. చెప్పానండి."

"మరి ఇప్పుడు చెప్పింది నిజమని గ్యారంటీ ఏంటి?"

"అమ్మా, ఊరుకో," అంది సత్యశ్రీ.

"నువ్వాగవే. మనిషిని అడుగుతున్నాను."

దీనమ్మ సంచిలోంచి పొడి డబ్బా తీసి మూత విప్పి ఇచ్చింది. శ్యామలాంబ అట్ట బయటికి తీసి, ఎండకేసి పట్టుకుని, అక్షరాలు కూడబలుక్కుంది. ఎన్ని గుంటలు ఖాళీ అయ్యాయో వేలితో తడిమింది. అట్ట మళ్లీ డబ్బాలో పెట్టి, మూత బిగించి, దీనమ్మకి ఇవ్వకుండా కాసేపు గుప్పిట్లోనే ఉంచుకుంది.

"నా మాత్ర తెల్లది," అంది చివరికి. "వీధిలో అందరికీ తెలుసు నేను వేసుకునేది. అందుకే మాట్లాడుకుంటున్నారు."

"మా వీధిలోనూ ఇవాళ్టి నుంచి మాట్లాడుకుంటారండి. మంగళవారం నాకు ఆసుపత్రిలో చూపించుకునే రోజు. ఎనిమిదింటికి అక్కడుంటాను. రండి."

శ్యామలాంబ డబ్బా చేతిలో పెట్టి కూతురి భుజం పట్టుకుని వెళ్లిపోయింది. దీనమ్మ వెనక ముగ్గురు ఆడవాళ్లు నీళ్ల కోసం నిలబడ్డట్టు నిలబడ్డారు. వాళ్లలో ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మంగళవారాలేనా, మిగతా రోజుల్లో చూడరా?" అని అడిగింది.

మంగళవారం ఎనిమిదింబావుకి రాజమండ్రి ఆసుపత్రిలో చీటీల లైను గేటు దాకా ఉంది. దీనమ్మ లైన్లో నిలబడి గేటుకేసి చూస్తోంది. ముందురోజు పనిలో అప్పాయమ్మ తప్ప ఎవరూ పలకరించలేదు. అప్పాయమ్మ కూడా, "పోయిపోయి మైకులో చెప్పాలా? నాతో చెప్తే ఊరంతా నేనే చెప్పేదాన్ని కదా," అని దెప్పింది. మందిరం నుంచి కబురు లేదు. వచ్చే ఆదివారం ముందు వరసలో కుర్చీ ఉండదని తెలుసు. వెనక చాప మీద కూర్చోనిస్తారో లేదో అది తెలియదు. ఆ పాటలు లేకుండా వారం ఎలా గడుస్తుందో ఊహించబోయి మానుకుంది. కాలు ఆడుతోంది. ఆడనీ అనుకుంది.

తొమ్మిదిన్నరకి ఆటో దిగి శ్యామలాంబ వచ్చింది. కొంగు తల మీదుగా కప్పుకుని, మొహం సగం దాచుకుంది. వెనక సత్యశ్రీ, మందుల ఫైలు పట్టుకుని.

"ఇంత ఎండలో ఇంత లైనా?" అంది వస్తూనే. "అందరూ నా వైపే చూస్తున్నారు."

"నన్ను చూస్తున్నారండి. ఫోన్లో మనిషిని కదా."

శ్యామలాంబ నవ్వలేదు. దగ్గరికి జరిగి, చేతిసంచి తెరిచి చూపించింది. మందిరంలో ప్రార్థన చేసి ఇచ్చిన నూనె సీసా ఉంది లోపల, పట్టిసీమ వీరభద్రుడి విభూతి పొట్లం పక్కన.

"ఇవి చూస్తే డాక్టరు గారేమైనా అంటారా?"

"అనరు. ముందు చీటీ తీసుకోండి," అంది దీనమ్మ, తన ముందు చోటిస్తూ. "కౌంటర్ మూసేస్తారు."